పిల్లల సెలవు కోసం ఆగనక్కర్లేదు: ఇంగ్లండ్ వెళ్ళే అమ్మానాన్నలు బస్సెక్కి చూడగల మూర్లు, తీరపు ఊళ్ళు

సంపాదకులు గారికి,
నమస్కారాలు.

వేసవి వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల నుంచి ఎందరో తల్లిదండ్రులు ఇంగ్లండ్‌లో ఉన్న కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో బయలుదేరుతారు. అలాంటివారి కోసం తెలుగు పత్రికల్లో వచ్చే యాత్రా వ్యాసాలు దాదాపు అన్నీ లండన్ చుట్టూనే తిరుగుతున్నాయి. థేమ్స్ ఒడ్డున ఉన్న పెద్ద చక్రం, రాజప్రాసాదాలు, మైనపు బొమ్మల ప్రదర్శనశాల, ఆపైన స్కాట్లాండ్‌కు ఒక ప్యాకేజీ టూరు. ఇవి చూడదగినవి కావని నేననడం లేదు. అయితే వీటన్నిటికీ పిల్లలకు సెలవు దొరకాలి, కారు కావాలి, డబ్బు బాగా కావాలి. పిల్లలు డ్యూటీలకు వెళ్ళిపోయే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ తల్లిదండ్రులు ఏం చేయాలన్న దాని గురించి ఎవరూ రాయడం లేదు. ఆ అయిదు రోజుల గురించే ఈ ఉత్తరం.

నేను కాకినాడలో భూగోళ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రస్తుతం నా భార్యతో కలిసి ఇంగ్లండ్ ఈశాన్యాన మిడిల్స్‌బ్రోలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఈ ఊళ్ళోనూ, లీడ్స్, యార్క్ వంటి చుట్టుపక్కల పట్టణాల్లోనూ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వచ్చిన పెద్దవాళ్ళను పలకరిస్తే అందరిదీ ఒకటే మాట: "వారమంతా నాలుగు గోడల మధ్యే గడుస్తోందండీ. శనివారం వస్తే షాపింగు, ఆదివారం గుడి." సందర్శక వీసా మీద ఒక్కో విడతకు ఆరు నెలల దాకా ఉండే వీలున్న దేశంలో అన్ని నెలలూ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇంటి ముందు స్టాపులో ఆగే మామూలు బస్సే వాళ్ళను ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన సీమకు తీసుకువెళ్తుందని వాళ్ళకు చెప్పినవారే లేరు.

ఆ సీమ పేరు నార్త్ యార్క్ మూర్స్. 1952లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 1,436 చదరపు కిలోమీటర్లు. జాతీయ ఉద్యానవనం అనగానే మనకు కంచె, గేటు, టికెట్ కౌంటరు, పులుల కోసం తిరిగే జీపులు గుర్తుకు వస్తాయి. ఇక్కడ అవేవీ ఉండవు. ఊళ్ళు, పొలాలు, గొర్రెల మందలు, చర్చిలు, బడులు అన్నీ ఆ ఉద్యానవనం లోపలే ఉంటాయి. భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటు సొత్తే. ప్రవేశ రుసుము లేదు.

మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన మైదానం. ఇక్కడి నేలకు పులుపు గుణం ఎక్కువ, గాలి తీవ్రత ఎక్కువ. ఎప్పుడూ తడిసి ఉండడం వల్ల చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకుని, పీట్ అనే నల్లటి మెత్తటి నేలగా మారతాయి. ఇది సహజంగానే ఇలా ఉందని చాలామంది అనుకుంటారు గాని ఒకప్పుడు ఇక్కడ అడవి ఉండేది. కంచు యుగం నాటి మనుషులు పశువుల కోసం, సాగు కోసం చెట్లు నరికారు, ఆ తరువాత వేల ఏళ్ళుగా గొర్రెలు మేస్తూ మళ్ళీ చెట్టు లేవనీయలేదు. అలా మనిషి చేతి మీదుగా తయారైన ఆ బీడు మీద హెదర్ అనే మోకాటి ఎత్తు పొద తప్ప మరేదీ పెద్దగా పెరగదు. ఏడాదిలో అధిక భాగం గోధుమ రంగులో, చూడడానికి దిగులుగా కనిపించే ఆ పొద ఆగస్టు రెండో సగంలో పూతకు వచ్చేసరికి దిగంతం దాకా కొండలన్నీ వంగపండు రంగుకు తిరుగుతాయి. పెంపకందార్లు తేనెటీగల పెట్టెలను బండ్ల మీద తెచ్చి ఆ పూత దగ్గర వరుసగా పెట్టుకుంటారు. ఇంగ్లండ్‌లో ఇంత ఎడతెగని హెదర్ నేల మరెక్కడా దాదాపు కనబడదు. టికెట్లు కొనేటప్పుడు తేదీలు మీ చేతిలో ఉంటే ఆగస్టు మూడు, నాలుగు వారాలు ఇక్కడ ఉండేలా చూసుకోండని నా సలహా.

మిడిల్స్‌బ్రోలో ఎక్స్93 నంబరు బస్సు ఎక్కితే అది గిస్‌బ్రో మీదుగా మూర్ ఎక్కి, దిగి, విట్‌బీ రేవుకు, అక్కడి నుంచి రాబిన్ హుడ్స్ బే మీదుగా స్కార్‌బ్రోకు పోతుంది. లీడ్స్‌లో ఉన్నవారికి 840 నంబరు బస్సు ఉంది. యార్క్, మాల్టన్, పికరింగ్ దాటి మూర్ నడినెత్తి మీదుగా విట్‌బీ చేరుతుంది. 2018లో బ్రిటన్‌లోకెల్లా సుందరమైన బస్సు మార్గంగా దీనికే పట్టం కట్టారు. ఆ రెండంతస్తుల బస్సులో మేడ మీద ముందు సీటు దొరికితే ఆ ప్రయాణానికదే ఒక విహారం. ఇంగ్లండ్‌లో స్థానిక బస్సుల్లో ఒక వైపు ఛార్జీకి ప్రభుత్వం 2023 జనవరిలో 2 పౌండ్ల పరిమితి పెట్టి, 2025 జనవరి నుంచి దాన్ని 3 పౌండ్లకు పెంచింది. ఇలాంటివి మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు పిల్లల చేత ఒకసారి సరిచూయించుకోవాలి. అక్కడి వృద్ధులకిచ్చే ఉచిత పాసు మనలాంటి సందర్శకులకు వర్తించదు. అయినా మూడు పౌండ్లంటే ఈ దేశంలో ఒక కప్పు కాఫీ ధర. రైలు ఇష్టపడేవారికి మిడిల్స్‌బ్రో నుంచి ఎస్క్ నది లోయ వెంబడి విట్‌బీకి చిన్న రైలు ఉంది. రోజుకు కొన్ని సర్వీసులే నడిచినా, గంటన్నరలో అది చూపించే వాగులు, రాతి వంతెనలు, గొర్రెల దొడ్లు కారులో వెళ్ళేవారికి కనబడవు.

ఒక రోజుకు ఒకే చోటు పెట్టుకోవడం మంచిది. మనవాళ్ళకు ఒక్క పూటలో అయిదు ప్రదేశాలు చుట్టి, ప్రతిచోటా ఫోటో దిగి, రాత్రికి ఇల్లు చేరడం అలవాటైపోయింది. అలా చూస్తే ఈ ఊళ్ళలో ఏమీ కనబడదు. ఇక్కడ చూడవలసినవన్నీ చిన్నవి, నెమ్మదిగా బయటపడేవి.

విట్‌బీ సంగతే చూడండి. ఎస్క్ నది సముద్రంలో కలిసే చోట రెండు ఒడ్డుల మీదా ఎర్ర పెంకుల ఇళ్ళు కొండను పట్టుకుని పైకి ఎగబాకుతూ ఉంటాయి. మధ్యలో పడవలకు దారి ఇవ్వడానికి పక్కకు తిరిగే వంతెన. తూర్పు కొండ మీద శిథిలమై నిలిచిన మఠం. 657లో హిల్డా అనే సన్యాసిని అధిపతిగా అక్కడ మొదటి మఠం వెలిసింది. స్త్రీలకూ పురుషులకూ కలిపి ఒక స్త్రీ ఏలిన మఠమది. ఈస్టర్ పండుగ తేదీని ఐర్లాండ్ లెక్కన గుణించాలా, రోమ్ లెక్కన గుణించాలా అన్న వివాదం 664లో ఇక్కడే సభ చేరి తేలింది. ఇంగ్లండ్ క్రైస్తవం రోమ్ దారి పట్టింది ఆ రోజునే. తిథుల గుణింపులో పంచాంగకర్తల మధ్య వాదాలు ఎరిగిన తెలుగువారికి ఆ సభ ఎంత తీవ్రంగా నడిచి ఉంటుందో చెప్పనక్కర్లేదు. మఠం చేరడానికి 199 రాతి మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు భయపడనక్కర్లేదు. పూర్వం శవపేటికలు మోసుకెళ్ళేవారు దించుకుని అలుపు తీర్చుకోవడానికి మధ్య మధ్యలో వెడల్పాటి చప్టాలు కట్టారు, ఇప్పుడు వాటి మీద బల్లలున్నాయి. మఠంలోకి టికెట్ ఉంది. పక్కనే ఉన్న చర్చి ఆవరణలో నిలబడి రేవునంతా చూడడానికి ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఆ రేవు నుంచి వెళ్ళినవాడే పసిఫిక్ యాత్రల నావికుడు కెప్టెన్ కుక్. పొలం కూలీ కొడుకుగా పుట్టి, పక్కనున్న స్టెయిథ్స్ అనే పల్లెకారుల ఊళ్ళో కొట్లో పనిచేసి, 1746లో విట్‌బీ వచ్చి బొగ్గు ఓడల యజమాని ఇంట్లో ఉండి ఓడపని నేర్చుకున్నాడు. ఆ ఇల్లు గ్రేప్ లేన్‌లో మ్యూజియంగా ఉంది. పసిఫిక్‌కు అతన్ని తీసుకువెళ్ళిన ఎండీవర్ కూడా 1764లో ఇక్కడే బొగ్గు రవాణాకు కట్టిన ఓడ. అడుగు చదునుగా ఉండే ఆ ఓడలను ఒడ్డు ఇసుకలోకి ఎక్కించి మరమ్మతు చేసుకోవచ్చన్నది వాటి గొప్ప. ఆ యాత్రలు ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల ప్రజలకు తెచ్చిపెట్టిన కష్టం ఎంతో కూడా అక్కడికి వెళ్ళేవారు మనసులో ఉంచుకోవాలి. వలస పాలన చవిచూసిన దేశం నుంచి వచ్చినవాళ్ళం, ఆ మాట మనం మరిచిపోకూడదు.

నాకు మాత్రం విట్‌బీలో అన్నిటికన్నా హృదయానికి దగ్గరగా వచ్చింది అరచేతిలో పట్టే ఒక రాయి. ఈ తీరంలో కొండ చరియలు జురాసిక్ యుగపు బురద గట్టిపడిన రాయి. అలలు తాకి అవి రాలినప్పుడల్లా నల్లటి గుండ్రాళ్ళు ఒడ్డున పడతాయి. వాటిలో కొన్ని పగిలి, లోపల చుట్టలు చుట్టుకున్న చారల గుల్ల కనబడుతుంది. అమ్మోనైట్ అనే అంతరించిపోయిన సముద్ర జీవి శిలాజం అది. ఈ సీమలో పాములను హిల్డా తన మహిమతో చుట్టలుగా రాయి చేసిందని స్థానిక గాథ. ఆ గాథను నమ్మించడానికి పాతకాలంలో దుకాణదారులు ఆ రాళ్ళకు పాము తలలు కూడా చెక్కి అమ్మేవారు. ఊరి చిహ్నంలోనూ మూడు అమ్మోనైట్లు ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిలో ఒక జాతికి హిల్డా పేరు మీదనే హిల్డోసెరాస్ అని పేరు పెట్టారు. సంపాదకులు గారూ, మన ఇళ్ళలో పూజామందిరంలో పట్టుబట్ట మీద ఉంచి, పాలతో అభిషేకించే సాలగ్రామం కూడా ఇదే కోవకు చెందిన శిలాజం. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళలో మనం విష్ణుచక్రమని కళ్ళకద్దుకునే చుట్టలు, విట్‌బీ ఒడ్డున పడి ఉన్న చుట్టలు, రెండూ ఒకనాటి వెచ్చని సముద్రాల్లో ఈదిన ఒకే వర్గపు జీవుల గుల్లలే. నా భార్య ఆ రాయిని చేతిలోకి తీసుకుని, చెప్పులు విడిచి, కొంగుతో తుడిచి, కళ్ళకు అద్దుకుంది. పక్కన శిలాజాలు వెతుకుతున్న ఒక పెద్దాయన ఎందుకని అడిగితే నాకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తన సంచిలోంచి మరో రాయి తీసి ఆవిడకు ఇచ్చాడు. రాలిపడిన రాళ్ళు ఏరుకోవచ్చు గాని చరియలను సుత్తితో కొట్టకూడదు, వాటి కింద నిలబడనూ కూడదు. ఎప్పుడు విరిగిపడతాయో తెలియదు.

భోజనం గురించి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. విట్‌బీ చేపలకు, వేయించిన బంగాళాదుంప ముక్కలకు పేరు పొందిన ఊరు. అయితే ఈ ఊళ్ళున్న యార్క్‌షైర్‌లో చాలా దుకాణాల్లో వీటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అని శాకాహారులు కొనుక్కుంటారు. ఏ నూనెలో వేయించారని ముందుగా అడగాలి. అడిగితే దాచకుండా చెబుతారు, కూరగాయల నూనె వాడే దుకాణాలూ ఉన్నాయి. మేమైతే పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పెట్టుకుని వెళ్తాం. రేవులో తినేటప్పుడు సీగల్ అనే సముద్రపు పక్షులు చేతిలో ముద్దను తన్నుకుపోతాయి, గోడకు వీపు ఆనించి కూర్చోవడం ఉత్తమం.

విట్‌బీకి దక్షిణాన, బస్సులో కాసేపు వెళ్తే రాబిన్ హుడ్స్ బే. సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాపితే రెండు వైపుల గోడలూ తగులుతాయనిపిస్తుంది. పన్ను ఎగ్గొట్టి తెచ్చిన సారా, టీ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేతులు మారుతూ వీధిలోకి రాకుండానే కొండ పైకి చేరేవని చెబుతారు. 1881 జనవరిలో ఇక్కడ ఒక ఓడ మునిగిపోతుంటే, తుఫానులో సముద్రం మీదుగా రావడం అసాధ్యమై, విట్‌బీ నుంచి రక్షక పడవను బండి మీద కట్టి, మంచు తవ్వుకుంటూ, గుర్రాలతోనూ మనుషులతోనూ కొండ మీదుగా సుమారు ఆరు మైళ్ళు లాగి తెచ్చి ఓడలోని వారిని కాపాడారు. ఆ సంగతి చెప్పే రాతిఫలకం ఊళ్ళో ఉంది. 1824లో స్థాపించిన ఆ రక్షక పడవల సంస్థ ఈనాటికీ ప్రధానంగా విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల మీద నడుస్తోంది. ప్రతి రేవులో దాని హుండీ కనబడుతుంది. అందులో నాలుగు నాణేలు వేయడం మన ధర్మం.

అక్కడి నుంచి ఇంకా దక్షిణాన కొండ మీద రేవెన్‌స్కార్ ఉంది. అక్కడ పటిక తీసిన పాత కార్ఖానా శిథిలాలను నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కాపాడుతోంది. కొండరాయిని నెలల తరబడి కాల్చి, నీళ్ళలో నానబెట్టి, సముద్రపు నాచు బూడిదో మూత్రమో కలిపి మరగబెట్టి పటిక తీసేవారు. అందుకోసం పట్టణాల నుంచి మూత్రాన్ని పీపాలకెత్తి ఓడల్లో తెప్పించేవారు. బట్టకు రంగు పట్టించడానికి పటిక కావాలి. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఈ మాట వేరే చెప్పనవసరం లేదు. కళాసీలు, కూలీలు, రంగులవాళ్ళు ఇందరి శ్రమ కలిసిన చోట ఇప్పుడు గడ్డి మొలిచి ఉంటే చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాం. ఈ ఊళ్ళన్నిటినీ కలుపుతూ ఒకప్పుడు విట్‌బీ–స్కార్‌బ్రో రైలు నడిచేది. 1965లో దాన్ని మూసేసి పట్టాలు తీసేశాక ఆ కట్ట మీద సిండర్ ట్రాక్ అనే నడక దారి ఏర్పడింది. రైలు కట్ట కనుక ఎక్కడా నిట్టనిలువు ఎత్తులుండవు. పెద్దవాళ్ళకు సముద్రం పక్కన ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

నడక దారుల గురించి మనవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మూర్ల అంచున పల్లెల్లో నడుస్తుంటే దారి నేరుగా ఒకరి పొలంలోకి పోతుంది. గేటు మీద పసుపు బాణం గుర్తు ఉంటుంది. బార్లీ చేను మధ్యలో మనిషి పట్టేంత వెడల్పున పైరు వేయకుండా వదిలిన బాట, దాని చివర రాతిగోడ, గోడ దాటడానికి గోడలోంచే పొడుచుకు వచ్చినట్టు పేర్చిన మూడు నాలుగు రాళ్ళు. రైతు ట్రాక్టరు మీద ఎదురైతే మనకు కాళ్ళు ఆడవు, ఎవరి చేలోనో దొంగల్లా జొరబడ్డామని సంకోచిస్తాం. ఆయన చెయ్యెత్తి పలకరించి వెళ్ళిపోతాడు. ఎందుకంటే ఆ బాట మీద నడవడం ఎవరికైనా చట్టం ఇచ్చిన హక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి హక్కు దారులు సుమారు 2,25,000 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. పసుపు బాణం కాలినడకకు, నీలి బాణం గుర్రాలకు, సైకిళ్ళకు కూడా.

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మూర్లలో చాలా భాగం జమీందార్లు గ్రౌస్ అనే పక్షుల వేట కోసం మూసి ఉంచుకున్న నేల. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల నుంచి వచ్చిన యువ కార్మికులు వందల మంది పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన రెండేళ్ళకు జరిగిన ఈ నడక గురించి చదివినప్పుడు నా మనసు ఉప్పొంగింది. జాతీయ ఉద్యానవనాల చట్టం 1949లో వచ్చింది, గుర్తించిన మూర్ల మీదా కొండల మీదా బాట వదిలి కూడా నడిచే హక్కు 2000 నాటి చట్టంతో వచ్చింది. ఈ ఉద్యానవనాలు మనవి కావన్న భావన అల్పసంఖ్యాక వర్గాల్లో ఉందని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సమీక్ష సంఘం కూడా 2019లో గుర్తించింది. మూర్ల మీద మా దంపతులను చూసి ఆశ్చర్యపోయిన చూపులు కొన్ని ఎదురైన మాట నిజమే. వాటికన్నా ఎక్కువగా ఎదురైనవి నమస్కారాలు. చీర మీద వానకోటు, కాళ్ళకు బూట్లు వేసుకున్న తెలుగు ఇల్లాలికి ఆ బాట మీద ఎంత హక్కుందో అక్కడి దొరబాబుకూ అంతే ఉంది. మన పెద్దవాళ్ళు ఆ సంకోచాన్ని విడిచిపెట్టాలని మనసారా కోరుకుంటున్నాను.

హక్కుతో పాటు బాధ్యతలున్నాయి. గేటు మనం వెళ్ళేటప్పుడు మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. మార్చి నుంచి జులై దాకా మూర్ల మీద పక్షులు నేల మీదే గూళ్ళు పెడతాయి కనుక బాట దిగకూడదు. పొడుగ్గా వంగిన ముక్కుతో, గుండె పిండేలా కూసే కర్ల్యూ అనే పక్షి వాటిలో ఒకటి. ఆ జాతి పక్షులు శీతాకాలంలో మన తూర్పు తీరపు బురద మేటల మీదికీ వస్తాయి. నిప్పు విషయంలో అణుమాత్రం అశ్రద్ధ పనికిరాదు. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్ అంటుకుంటే పీట్ నేల లోపల్లోపల కాలుతూ వారాల తరబడి ఆరలేదు, రెండో ప్రపంచ యుద్ధ కాలపు గుండ్లు మంటల్లో పేలాయి. మనవాళ్ళు కొందరు గుంపుగా వెళ్ళి పొయ్యి వెలిగించి వండుకోవడం, ప్లాస్టిక్ పళ్ళాలు అక్కడే వదలడం నేను చూశాను. ఇది మానుకోవాలి. ఆ ఒక్క గుంపును చూసినవారు తరువాత వచ్చే ప్రతి తెలుగు కుటుంబాన్నీ అదే కంటితో చూస్తారు.

ఇక ప్రాణాపాయం సంగతి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో పడి చనిపోయారు. మీ పత్రికలన్నీ ఆ వార్త వేశాయి. అలాంటి వార్త మళ్ళీ వేయవలసిన అవసరం రాకూడదంటే ముందుగా వేయవలసిన వార్తలున్నాయి. ఇక్కడి నదుల్లో, సముద్రంలో నీరు ఎండాకాలంలో కూడా చాలా చల్లగా ఉంటుంది. గోదావరిలో ఈదినవాడైనా హఠాత్తుగా ఆ నీటిలో పడితే ఊపిరి బిగుసుకుపోయి, చేతులు ఆడక మునిగిపోతాడు. అలా పడితే వెంటనే ఈదాలని పెనుగులాడకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి అదుపులోకి వచ్చేదాకా ఆగాలని రక్షక సంస్థలు చెబుతాయి. ఎర్ర, పసుపు జెండాల మధ్యనే నీళ్ళలోకి దిగాలి. రాబిన్ హుడ్స్ బేలో పోటు వచ్చేటప్పుడు నీరు చరియల మొదలు దాకా వచ్చి వెనక్కి దారి మూసేస్తుంది, కనుక ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా ఒడ్డు వెంబడి నడవకూడదు. తీరంలో ఆపద వస్తే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. మూర్ల మీద సముద్రం నుంచి పొగమంచు ఒక్కసారిగా కమ్ముకొస్తుంది, లోయల్లో ఫోన్ సిగ్నల్ అందదు. ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే కాగితం మీద అచ్చువేసిన పటం దగ్గర ఉంచుకోవాలి. ఈ సీమకు ఓఎల్26, ఓఎల్27 నంబర్ల పటాలు సరిపోతాయి. ఇంటికి వచ్చాక కాళ్ళు, చీలమండలు వెతికి చూసుకోవాలి, ఎందుకంటే పొదల్లో గోమారి లాంటి చిన్న పురుగులు పట్టుకుంటాయి, వాటివల్ల లైమ్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. చివరి బస్సు వేళ ఉదయమే రాసిపెట్టుకోవాలి.

ఇవన్నీ చదివి ఇంత బెడద ఎందుకని ఎవరూ వెనకడుగు వేయకూడదు. అసలు నడవలేనివారికి కూడా దారి ఉంది. పికరింగ్ నుంచి గ్రోస్‌మాంట్ దాకా 18 మైళ్ళు నడిచే ఆవిరి రైలు 1836లో గుర్రాలు లాగే బండ్లతో మొదలైంది. 1965లో మూతపడిన దాన్ని స్థానికులే సంఘంగా ఏర్పడి 1973లో మళ్ళీ నడిపించారు. బొగ్గు పొగ వాసన, ఈల కూత మన చిన్ననాటి రైళ్ళను కళ్ళ ముందు నిలబెడతాయి. దీనికి టికెట్ ధర కాస్త ఎక్కువే. మధ్యలో గోత్‌లాండ్ స్టేషన్‌లో దిగితే ఊరి వీధుల్లో గొర్రెలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతూ ఉంటాయి. ఆ గొర్రెలకు మూర్ మీద కంచె లేదు. ఏ మంద ఏ భాగంలో మేయాలో తల్లి నుంచి పిల్ల నేర్చుకుంటుంది. పికరింగ్ వైపు బస్సు దారిలోనే హోల్ ఆఫ్ హోర్కమ్ అనే పెద్ద బేసిన్ లాంటి లోయ ఉంది. వేడ్ అనే రాక్షసుడు భార్య మీద కోపంతో గుప్పెడు మట్టి తీసి విసిరితే పడిన గుంట అది అంటారు. మన దగ్గర అయితే ఆ పని భీముడికి అంటగట్టేవారు. నిజానికి ఊటనీరు రాతిని అడుగు నుంచి తొలుస్తూ వేల ఏళ్ళలో చేసిన పని అది. బస్సు కిటికీలోంచే చూడవచ్చు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. విదేశీ యాత్రల పేజీలో ప్యాకేజీ టూర్ల వర్ణనలకు ఇచ్చే చోటులో కొంత, పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకు, చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థులకు పనికివచ్చే ఇలాంటి సమాచారానికి కేటాయించండి. ఏ ఊరి నుంచి ఏ బస్సు, ఎంత నడక, ఎక్కడ మరుగుదొడ్డి, ఎక్కడ శాకాహారం, ఏ నెలలో ఏం చూడవచ్చు, ఏ నీటిలో దిగకూడదు. యార్క్‌షైర్ ఒక్కటే కాదు, డెవాన్‌లో డార్ట్‌మూర్, నార్తంబర్లాండ్ తీరం, వేల్స్ తీరం, అన్ని చోట్లా మనవాళ్ళు కాపురాలు ఉన్నారు. వారి చేత రాయించండి. అలాగే విశాఖ–భీమిలి మధ్య జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బల పక్కనుంచి, సముద్రాన్ని చూస్తూ నడవడానికి గుర్తులు పెట్టిన బాట ఒకటి వేసి, దాని రెండు చివరలా బస్సు ఆపితే ఎంత ఖర్చవుతుందో, ఎందుకు వేయడం లేదో పర్యాటక శాఖను మీ విలేకరుల చేత అడిగించండి.

వచ్చే వేసవి ప్రయాణాలకు జనం జనవరి నుంచే టికెట్లు కొంటారు. ఆ లోగా మొదటి వ్యాసం వస్తే చాలామందికి అక్కరకు వస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూగోళ శాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ (ప్రస్తుతం మిడిల్స్‌బ్రో, ఇంగ్లండ్)